కాచి చల్లార్చినా పోని విషం: ముర్షిదాబాద్‌లో ఉన్న కూతురి కోసం ఒక తల్లి ప్రశ్న

ప్రశ్న: నమస్కారమండీ. మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర పల్లెటూరు. మా చిన్నల్లుడు బ్యాంకులో ఆఫీసరు. మూడేళ్ల కిందట బహరంపూర్ వైపు ట్రాన్స్‌ఫర్ అయిందంటే మన పక్కనున్న బరంపురమే అనుకుని సంబరపడ్డాం. తీరా చూస్తే అది బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లా. అక్కడ ఒక చిన్న టౌన్‌లో అద్దెకుంటున్నారు. తాగడానికి, వంటకి అన్నిటికీ ఇంటివాళ్ల బోరు నీళ్లే. ఎనభై అడుగుల బోరట. మా అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల, నాలుగేళ్ల బాబు కూడా ఉన్నాడు.

పోయిన నెల వెళ్లి పదిహేను రోజులు ఉండి వచ్చాను. ఇంటివాళ్ల పెద్దావిడ అరచేతులు చూస్తే ఆనెకాయల్లా గట్టిగా, గరుగ్గా బుడిపెలు. ఏమిటని అడిగితే ఆవిడ చెప్పినదాంట్లో "ఆర్సెనిక్" అన్న ఒక్క మాటే నాకు అర్థమైంది. అప్పట్నుంచి నిద్ర లేదు. నీళ్లు ఇరవై నిమిషాలు బాగా మరగకాచి తాగమని అమ్మాయికి చెప్పాను. అక్కడి షాపతను వచ్చి మీటరు ముంచి చూసి, ఆర్వో మెషీన్ పెట్టుకుంటే అంతా పోతుందన్నాడట. వీధి చివర గవర్నమెంటు కుళాయి ఉంది కానీ అల్లుడికి డబ్బా పట్టుకుని లైన్లో నిలబడాలంటే మొహమాటం. అతని వీపు మీద కూడా కొన్ని మచ్చలున్నాయి. అమెరికాలో ఉన్న పెద్దమ్మాయి అసలు అన్నంలోనే ఆర్సెనిక్ ఉంటుంది, మానేయమంటోంది. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బులు చూసి చూసి నీళ్లంటేనే భయం మాకు. అమ్మాయిని వెంటనే తీసుకొచ్చేయమంటారా? కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందా?

సమాధానం:

అమ్మా, ముందు ఈ రోజు చేయాల్సిన పని చెప్తాను, కారణాలు తర్వాత. ఆ బోరు నీళ్లు తాగడం, వాటితో వండడం ఈ పూట నుంచే ఆపేయమనండి. పరీక్ష చేయించి, రిపోర్టు వచ్చి, అప్పుడు చూద్దాం అనుకోవద్దు. గంగ పక్కన ముర్షిదాబాద్ జిల్లా, ఎనభై అడుగుల బోరు, అదే ఇంట్లో ఏళ్ల తరబడి అవే నీళ్లు తాగిన మనిషి అరచేతుల్లో బుడిపెలు. ఈ మూడూ ఒక్కచోట కలిశాక ఇక అనుమానించాల్సింది పెద్దగా లేదు. రిపోర్టు కావాలి, కానీ అది ఎంత ఉందో తెలియడానికి.

ఇక మరగకాచడం. మీరు చెప్పింది ఏ తల్లయినా చెప్పే మాటే. కలరా, విరేచనాలు, కామెర్లు తెచ్చే క్రిములకు కాచిన నీళ్లను మించిన మందు లేదు. కానీ ఆర్సెనిక్ క్రిమి కాదు, చచ్చిపోవడానికి. ఉప్పులాంటిది. ఉప్పునీళ్లు మరిగిస్తే ఉప్పు పోతుందా? నీరు ఆవిరై, మిగిలినదాంట్లో ఉప్పు ఇంకాస్త చిక్కబడుతుంది. ఇదీ అంతే. గిన్నెడు నీళ్లు ముప్పావు గిన్నెకు వచ్చేదాకా మరిగిస్తే ప్రతి గ్లాసులోనూ ఆర్సెనిక్ మూడో వంతు పెరిగినట్టు. పొంగు రాగానే దింపితే పెద్దగా పెరగదు, కానీ తగ్గడం మాత్రం ఎప్పుడూ ఉండదు. క్లోరిన్ బిళ్లలు, క్యాండిల్ ఫిల్టరు, యూవీ మెషీన్ కూడా ఇంతే. కాచే అలవాటు మాన్పించకండి. నీళ్లు మార్చి, ఆ మంచి నీళ్లు కాచుకోమనండి.

ఎన్ని నీళ్లు మార్చాలి? ఇక్కడే చాలామంది భయపడి చేతులెత్తేస్తారు. ఇంట్లో వాడే నీళ్లన్నీ మార్చక్కర్లేదు. నీళ్లలోని ఆర్సెనిక్ చర్మం గుండా ఒంట్లోకి వెళ్లేది లెక్కలోకి రానంత తక్కువ. స్నానం, బట్టలు, గిన్నెలు, ఇల్లు తుడవడం, అన్నీ బోరు నీళ్లతో నిశ్చింతగా చేసుకోవచ్చు. నోట్లోకి వెళ్లేవి మాత్రమే మారాలి. ముగ్గురున్న ఇంటికి తాగడానికి ఆరేడు లీటర్లు, వంటకి ఎనిమిది పది. బిందె, మహా అయితే బిందెన్నర. బాబు పళ్లు తోముకుంటూ నీళ్లు మింగే వయసులో ఉన్నాడు కాబట్టి వాడికి ఒక చెంబు మంచి నీళ్లు పక్కన పెట్టండి.

వంట నీళ్ల గురించి గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే ఎక్కువమంది జారిపోయేది అక్కడే. తాగడానికి క్యాన్ తెప్పించుకుంటారు, ఎసరు మాత్రం బోరు నీళ్లతోనే పెడతారు. బియ్యం తన బరువుకు రెండింతలు నీళ్లు పీల్చుకుని అన్నమవుతుంది. పప్పు, చారు, పులుసు, టీ, అన్నీ కలిపితే మనం నీళ్లుగా తాగే నీళ్లకు ఏమీ తీసిపోనంత వంటలో లోపలికి పోతుంది.

ఆ వీధి కుళాయి సంగతి. బ్యాంకు ఆఫీసరు డబ్బా పట్టుకుని నిలబడితే పరువు తక్కువేమీ కాదు, కానీ మొహమాటం మాటలతో పోయేది కాదు. నెలకు కొంత ఇస్తే తెచ్చిపెట్టే కుర్రాడు ఆ వీధిలోనే దొరుకుతాడు. అయితే కుళాయి అంటే గుడ్డిగా నమ్మేయకండి. ఆ ప్రాంతంలో కొన్ని పథకాలు నది నీళ్లు శుద్ధి చేసి ఇస్తాయి, కొన్ని భూగర్భ జలం తోడి, ఆర్సెనిక్ తీసే ప్లాంటు గుండా పంపి ఇస్తాయి. రెండో రకంలో ప్లాంటు చూసుకునేవాళ్లు సరిగ్గా ఉంటేనే నీళ్లు మంచివి. అందుకని పరీక్షకు రెండు సీసాలు పంపమనండి, ఒకటి బోరువి, ఒకటి కుళాయివి. ఇరవై లీటర్ల జారు కొనుక్కుంటే ఐఎస్‌ఐ గుర్తు, లైసెన్సు ఉన్న కంపెనీదే కొనమనండి. గుర్తూ పేరూ లేని జారులోవి ఆ వీధిలో మరో బోరు నీళ్లే కావచ్చు.

పరీక్ష ఎక్కడ? బెంగాల్లో ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖకు జిల్లాల్లో నీటి పరీక్ష ల్యాబులున్నాయి, ఆర్సెనిక్ అక్కడ వాళ్లకు నిత్యం చేసే పరీక్షే. జల్ జీవన్ మిషన్ కింద ఈ ల్యాబుల్లో మామూలు జనం కూడా తమ నీళ్లు తీసుకెళ్లి కొద్దిపాటి ఫీజుతో పరీక్ష చేయించుకోవచ్చు. మోటారు ఐదు నిమిషాలు ఆడనిచ్చి, అదే నీళ్లతో సీసాను రెండుసార్లు తొలిచి, అప్పుడు నింపాలి. పైన ట్యాంకులోంచి వచ్చే పంపు దగ్గర కాకుండా నేరుగా బోరు దగ్గరే పట్టాలి. ట్యాంకులో తుప్పు అడుక్కి దిగినప్పుడు కొంత ఆర్సెనిక్ దానితోపాటు దిగిపోతుంది, అంకె తక్కువ చూపించి మోసం చేస్తుంది.

రిపోర్టు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో పెట్టిన గీత లీటరుకు 10 మైక్రోగ్రాములు. మన దేశపు తాగునీటి ప్రమాణమూ అదే. కానీ ల్యాబు దాన్ని మిల్లీగ్రాముల్లో రాస్తే 0.01 అవుతుంది. పీపీబీలో, అంటే వంద కోట్ల పాళ్లలో ఎన్ని పాళ్లో రాస్తే 10. మూడూ ఒకటే. 0.08 అని చూసి "సున్నా చిల్లరే కదా" అనుకుని మడిచి పెట్టేసినవాళ్లున్నారు. అది గీతకు ఎనిమిది రెట్లు. మనకు బాగా తెలిసిన ఫ్లోరైడ్‌తో పోల్చి చూడండి. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఆర్సెనిక్‌కి 0.01. అంటే నూట యాభయ్యో వంతు. పాషాణం అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. తెల్లటి శంఖపాషాణమూ, పచ్చటి హరిదళమూ, ఎర్రటి మణిశిలా అన్నీ ఈ ఆర్సెనిక్ సరుకులే.

ఇప్పుడు ఆ షాపతని మీటరు. అది టీడీఎస్ మీటరు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో చెప్తుంది, అదీ విద్యుత్తు ఎంత పారుతుందో చూసి అంచనాగా. మామూలు బోరు నీళ్లలో అది లీటరుకు మూడొందలో నాలుగొందలో మిల్లీగ్రాములు చూపిస్తుంది. ఆర్సెనిక్ గీతకు పదింతలున్నా అందులో దాని వాటా 0.1 మిల్లీగ్రాము. మూడు వేలల్లో ఒక్క వంతు! మీటరు ముల్లు కదలనే కదలదు. 50 టీడీఎస్ ఉన్న నీళ్లలో ఆర్సెనిక్ ఉండొచ్చు, 800 ఉన్న నీళ్లలో అసలు లేకపోవచ్చు. ఇంకొందరు రెండు కడ్డీలు ముంచి కరెంటు పెట్టి నీళ్లు గోధుమరంగులోకి మార్చి చూపిస్తారు. ఆ రంగు ఆ కడ్డీల ఇనుము తుప్పు, నీళ్లలోని విషం కాదు. గారడీ.

అలాగని ఆర్వో పనికిరాదని కాదు. బాగానే పనిచేస్తుంది, కాకపోతే మూడు మెలికలున్నాయి. నీళ్లలో ఆర్సెనిక్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకదాన్ని ఆర్వో పొర బాగా ఆపుతుంది. రెండోదానికి విద్యుత్ ఆవేశం ఉండదు కాబట్టి కొంత జారిపోతుంది, బెంగాల్ బోరు నీళ్లలో ఈ జారిపోయేదే ఎక్కువ. ముందే ఆక్సీకరణం చేసే ఏర్పాటు ఉంటే అది మొదటి రూపంలోకి మారుతుంది. అందుకని మెషీన్ పెట్టాక బయటికొచ్చే నీళ్లను మళ్లీ ల్యాబులో చూపించాలి, తర్వాత ఆరు నెలలకోసారి. రెండో మెలిక, చాలా మెషీన్లలో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ అని ఒక మర పెడతారు. అది చేసే పని శుద్ధి కాని నీళ్లు కాసిన్ని తెచ్చి శుద్ధి అయిన నీళ్లలో కలపడం. ఆర్సెనిక్ ఉన్న ఊళ్లో దాన్ని పూర్తిగా మూయించాలి. మూడోది, పక్క గొట్టంలోంచి పోయే వృథా నీళ్లు. ఆర్సెనిక్ చిక్కగా చేరేది వాటిలోనే. నీళ్లు వృథా చేయకూడదని బకెట్లో పట్టి ఆకుకూర మడికి పోసే అలవాటు మన ఆడవాళ్లకు ఉంది కదా, అది వద్దు. బాత్‌రూమ్ కడగడానికి వాడుకోవచ్చు. ఐరన్ ఆక్సైడ్ లాంటి పదార్థం నింపిన ఆర్సెనిక్ ఫిల్టర్లు కూడా వేరే ఉంటాయి. వాటికి కరెంటు అక్కర్లేదు. బంగ్లాదేశ్‌లో పుట్టిన అబుల్ హుస్సామ్ అనే రసాయన శాస్త్రవేత్త ఇనుము, ఇసుక, బొగ్గు వాడి చేసిన సోనో ఫిల్టరుకు 2007లో అమెరికాలో పది లక్షల డాలర్ల బహుమతి వచ్చింది. ఏ రకమైనా, నింపిన పదార్థానికి ఒక ఆయుష్షు ఉంటుంది. అయిపోయాక అది చెప్పదు, నీళ్ల రంగూ రుచీ మారవు. మళ్లీ పరీక్షే దిక్కు.

అసలు ఆ నేలలోకి ఇదెలా వచ్చిందని మీరు అడగలేదు కానీ, తెలిస్తే ఎనభై అడుగులనగానే నేనెందుకు ఉలిక్కిపడ్డానో అర్థమవుతుంది. హిమాలయాల నుంచి గంగ, బ్రహ్మపుత్ర వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రు అది. ఆ ఇసుక రేణువుల మీది ఇనుప తుప్పు పొరకు ఆర్సెనిక్ అంటుకుని ఉంటుంది. మట్టిలో పాతుకుపోయిన ఆకూ అలమూ కుళ్లేటప్పుడు కింద ఆక్సిజన్ అయిపోతుంది, అప్పుడు ఆ తుప్పు కరిగి ఆర్సెనిక్‌ని నీళ్లలోకి వదిలేస్తుంది. ఇది ఎక్కువగా జరిగేది పైపొరల్లో, యాభై నుంచి రెండొందల యాభై అడుగుల మధ్య. ఐదొందల అడుగులు దాటిన బోర్లలో సాధారణంగా తక్కువ. గాలి తగిలే పాత నేలబావుల్లోనూ తక్కువే. తమాషా ఏమిటంటే ఒక బోరులో 200 మైక్రోగ్రాములుంటే ముప్పై గజాల అవతల బోరులో 5 ఉండొచ్చు. కాబట్టి పక్కింటివాళ్ల రిపోర్టు మీ అమ్మాయికి పనికిరాదు.

ఇందులో కుట్రా లేదు, కల్తీ లేదు. మంచి చేయబోయి జరిగింది. చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి బంగ్లాదేశ్‌లో, ఇటు బెంగాల్లో లక్షల కొద్దీ చేతిపంపులు దింపారు. క్రిములు లేవని చూశారు, ఆర్సెనిక్ కోసం ఎవరూ చూడలేదు. 1983లో కోల్‌కతాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో కె.సి. సాహా అనే చర్మవైద్యుడు పల్లెల నుంచి వచ్చిన రోగుల మచ్చలు చూసి ఇది నీళ్ల వల్లేనని గుర్తుపట్టారు. జాదవ్‌పూర్ యూనివర్సిటీలో దీపాంకర్ చక్రవర్తి ఊరూరా నీళ్లు పట్టి పరీక్షించి, వినేవాళ్లు లేకపోయినా అరిచి చెప్పారు. బంగ్లాదేశ్‌లో 1993లో బయటపడింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అలన్ స్మిత్, ఆయన సహచరులు దీన్ని చరిత్రలోనే జనానికి విషం సోకిన అతి పెద్ద ఘటనగా వర్ణించారు. తర్వాత అక్కడ లక్షల పంపులు పరీక్షించి మంచివాటికి ఆకుపచ్చ, చెడ్డవాటికి ఎరుపు రంగు పూశారు.

ఇక మీ అసలు బెంగ, కడుపులో బిడ్డ. దాచకుండా చెప్తాను. ఆర్సెనిక్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది. ఎక్కువ మోతాదు నీళ్లు తాగిన గర్భిణుల్లో గర్భస్రావాలు, తక్కువ బరువుతో పుట్టడం ఎక్కువగా కనబడ్డాయి. చిన్నపిల్లల్లో చదువు, గ్రహింపు మీద కూడా ప్రభావం ఉంటుంది. ఇదంతా ఎక్కువమందిని చూసి తీసిన లెక్క. మీ అమ్మాయికి ఏదో జరిగిపోయిందని దీని అర్థం కాదు. ఐదో నెల స్కానింగ్ మామూలుగా ఎలాగూ ఉంటుంది, డాక్టరమ్మకు ఈ నీళ్ల సంగతి చెప్పమనండి, బిడ్డ ఎదుగుదల ఒక కన్నేసి చూస్తారు. ఊరటనిచ్చే విషయం ఒకటుంది. ఆర్సెనిక్ సీసంలా ఎముకల్లో తిష్ఠ వేసి కూర్చోదు. నీళ్లు మార్చిన కొద్ది రోజుల్లోనే ఒంట్లో తిరుగుతున్నదాంట్లో చాలా భాగం మూత్రంలో పోతుంది. అంటే మిగిలిన నాలుగు నెలలూ పూర్తిగా మన చేతుల్లో ఉన్నాయి. డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానకుండా వేసుకోమనండి. ఆర్సెనిక్‌ని బయటికి పంపే రూపంలోకి మార్చుకోవడానికి శరీరానికి ఫోలేట్ కావాలి. ఫోలేట్ తక్కువున్న వాళ్లకు బంగ్లాదేశ్‌లో అది ఇచ్చి చూస్తే రక్తంలో ఆర్సెనిక్ తగ్గింది కూడా. గుడ్డు, పప్పు, ఆకుకూర బాగా పెట్టండి. తిండి చాలని ఒంటి మీదే ఇది ఎక్కువ ప్రతాపం చూపిస్తుంది.

పుట్టాక తల్లిపాలే పట్టమనండి. తల్లి ఎంత ఆర్సెనిక్ నీళ్లు తాగినా పాలలోకి వెళ్లేది చాలా స్వల్పం. అదే డబ్బాపాలు బోరు నీళ్లతో కలిపితే మొత్తం బిడ్డ పొట్టలోకే.

మీ అల్లుడి మచ్చలు ఆర్సెనిక్‌వి అయ్యే అవకాశం తక్కువని నాకనిపిస్తోంది, అయినా చర్మం డాక్టరు చూడాల్సిందే. ఆర్సెనిక్ మచ్చలు ఛాతీ మీద, వీపు మీద వాన చినుకులు పడ్డట్టు చిన్నచిన్నగా, నల్లగా, కొన్ని తెల్లగా వస్తాయి. దురద ఉండదు. తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో బుడిపెలు. మామూలుగా ఐదు పదేళ్లు తాగితే గాని బయటపడవు. మూడేళ్లకే, వీపు మీద మాత్రమే అంటే శోభి కూడా కావచ్చు, బెంగాల్ ఉక్కకు అది మామూలే. సిగరెట్ అలవాటుంటే మాత్రం ఇదే సందు చూసుకుని మాన్పించండి. ఆర్సెనిక్, పొగాకు రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. మూత్రంలో ఆర్సెనిక్ పరీక్ష చేయించుకోవాలంటే ముందు నాలుగైదు రోజులు సముద్రపు చేపలు, రొయ్యలు తినకూడదు. వాటిలో ఉండే ఆర్సెనిక్ దాదాపు హాని చేయని రకం, కానీ రిపోర్టులో అంకె పెంచేసి మనుషుల్ని హడలగొడుతుంది. నన్నడిగితే ఆ డబ్బు ముందు నీళ్ల పరీక్షకు పెట్టండి.

ఆ పెద్దావిడ గురించి మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకు ఈ ఉత్తరంలో ఎక్కువ దిగులు కలిగించింది ఆవిడే. అరచేతుల్లో బుడిపెలు దాకా వచ్చాయంటే ఎన్నేళ్లుగా తాగుతోందో. చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయం, ఈ మూడు చోట్ల క్యాన్సర్‌కు ఆర్సెనిక్ కారణమని రుజువైంది. చిలీ దేశంలో అంటోఫగస్తా అనే నగరంలో 1958 నుంచి పన్నెండేళ్లపాటు లీటరుకు 800కు పైగా మైక్రోగ్రాములున్న నది నీళ్లు సరఫరా చేశారు. తర్వాత శుద్ధి చేసే ప్లాంటు పెట్టారు. గుండెపోటు మరణాలు తొందరగానే తగ్గాయి గానీ, క్యాన్సర్లు మాత్రం దశాబ్దాలపాటు ఎక్కువగానే ఉన్నాయి. కాబట్టి ఆవిడను ఏడాదికోసారి చర్మం డాక్టరు చూడాలి. మానని పుండు, వదలని దగ్గు, మూత్రంలో రక్తం కనబడితే ఆలస్యం చేయకూడదు. బుడిపెలు మెత్తబడడానికి పూతమందులున్నాయి. అన్నిటికంటే ముందు ఆవిడా ఆ నీళ్లు మానాలి, డెబ్బై ఏళ్లు వచ్చాక మానినా లాభమే. ఇంటివాళ్లు నొచ్చుకుంటారేమోనని మీ అమ్మాయి గుట్టుగా క్యాన్ తెప్పించుకోకుండా, రిపోర్టు వాళ్లకు కూడా చూపించమనండి. ఇది అంటువ్యాధి కాదు. ఆవిడ చేతి టీ తాగొచ్చు, బాబుని ఎత్తుకోనివ్వొచ్చు. బెంగాల్ పల్లెల్లో ఈ మచ్చలు చూసి కుష్ఠు అనుకుని ఆడపిల్లల్ని పుట్టింటికి పంపేసిన కథలున్నాయి. ఆ భయానికి మనం మరో చెయ్యి వేయక్కర్లేదు.

పెద్దమ్మాయి మాటలో నిజముంది, కానీ అన్నం మానేసేంత కాదు. నీళ్లు నిలబెట్టిన మడిలో ఆర్సెనిక్ కరిగి వస్తుంది, వరి వేరు దాన్ని సిలికాతోపాటు లాక్కుంటుంది. మిగతా ధాన్యాల కన్నా బియ్యంలో ఎక్కువుండటానికి కారణం అదే. తవుడు పొరలో ఇంకా ఎక్కువ, అందుకే దంపుడు బియ్యంలో తెల్లబియ్యం కన్నా ఎక్కువ. ఆరోగ్యానికి మంచిదని ఈ మధ్య అందరూ ఎగబడుతున్న బ్రౌన్ రైస్ విషయంలో ఈ మాట ఎవరూ చెప్పరు. అమెరికాలో పసిపిల్లల రైస్ సీరియల్‌కు 2020లో 100 పీపీబీ అని హద్దు పెట్టారు, ఆమె విన్నది బహుశా దాని గురించే. ఆర్సెనిక్ నీళ్లతో పండి, ఆ నీళ్లతోనే ఉప్పుడు చేసిన అక్కడి బియ్యం కన్నా మీరు ఇక్కడి నుంచి ఒక బస్తా పంపితే నయం.

దీనికి మందు మీ అత్తగారి వంటింట్లోనే ఉండేది. అత్తెసరు కాకుండా బియ్యానికి ఆరింతలు నీళ్లు పోసి, ఉడికాక గంజి వార్చేస్తే ఆర్సెనిక్ సగం దాకా గంజితో పోతుంది. ప్రెషర్ కుక్కర్ వచ్చి ఆ అలవాటు పోయింది. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ యూనివర్సిటీవాళ్లు 2020లో ఇంకో పద్ధతి చూపించారు. మరిగే నీళ్లలో బియ్యం ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లు పోసి సన్నమంట మీద ఇగిరించడం. తెల్లబియ్యంలో ఆర్సెనిక్ 73 శాతం, దంపుడు బియ్యంలో 54 శాతం తగ్గింది. రెంటికీ షరతు ఒకటే, నీళ్లు మంచివై ఉండాలి. ఆర్సెనిక్ నీళ్లతో గంజి వారిస్తే బియ్యంలోకి ఇంకా ఎక్కించినట్టే. వార్చిన గంజి మాత్రం తాగకండి, ఉప్పేసుకుని తాగడం మీ వైపు ఇష్టమని తెలుసు. పుట్టబోయే బిడ్డకు ఆరో నెలలో ఉగ్గు రోజూ బియ్యంతోనే కాకుండా రాగులు, పెసరపప్పు మార్చి మార్చి పెట్టుకోవచ్చు.

విషం విరిచేస్తామంటూ ఎవరైనా పొడులు, లేహ్యాలు, కషాయాలు అమ్మితే కొనకండి. ముఖ్యంగా భస్మాలు, రసౌషధాలు గర్భిణికి ఇవ్వొద్దు. వాటిలో కొన్నింట్లో హరిదళం, మణిశిల వేస్తారు. ఆర్సెనిక్‌కి విరుగుడుగా ఆర్సెనిక్ పోసినట్టవుతుంది.

తీసుకొచ్చేయాలా అంటే, ఈ వారంలో మంచి నీళ్ల ఏర్పాటు కుదిరితే హడావిడిగా రైలెక్కించక్కర్లేదు. ఏడో నెలలో ఎలాగూ తెచ్చుకుంటారు కదా. కుళాయి నీళ్లు కూడా బాగాలేవని తేలి, నమ్మకమైన జారూ దొరక్కపోతే మాత్రం ఆగొద్దు, బాబుతో సహా తీసుకొచ్చేయండి. తెచ్చాక మీ ఇంటి బోరు నీళ్లు కాకుండా హిరమండలం రిజర్వాయరు నుంచి పైపు నీళ్లు వస్తుంటే అవే ఇవ్వండి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఏమిటో ఇప్పటికీ తేలలేదు, దాన్నీ దీన్నీ ఒకటనుకుని రెట్టింపు భయం పెట్టుకోవద్దు. మన రెండు రాష్ట్రాల్లో రాతి నేల ఎక్కువ. ఇక్కడ బోరు నీళ్లతో వచ్చే పెద్ద చిక్కు ఫ్లోరైడే, గంగ ఒండ్రులోలా ఆర్సెనిక్ కాదు. పటాన్‌చెరు చుట్టుపక్కల పరిశోధకులకు ఆర్సెనిక్ దొరికింది నిజమే, కానీ అది పరిశ్రమల వ్యర్థాల వల్ల వచ్చింది.

ఈ రోజు ఫోన్ చేసినప్పుడు అమ్మాయికి ఈ మూడు చెప్పండి: ఎసరు నీళ్లు కూడా మార్చమని, రెండు సీసాలు ల్యాబుకు పంపమని, ఆ షాపతనికి అడ్వాన్సు ఇవ్వొద్దని. రిపోర్టు రాగానే ఫొటో తీసి నాకు పంపండి. అంకె పక్కన మిల్లీగ్రాములో మైక్రోగ్రాములో ఉంటుంది, అది కూడా కనబడేలా.